ఏ 26? సైకిల్ టైరు మీది అంకెలు చదవడం ఎలా

మొన్న సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి మా ఆవిడ సైకిల్ వెనక టైరు సైడు చీలిపోయి ఉంది. టైరు మీద 26 అని పెద్దగా కనిపించింది. ఇంకేముంది, ఫోన్‌లో 26 అంగుళాల టైర్లు వెతికి, స్టార్లు ఎక్కువున్నది చూసి ఆర్డర్ పెట్టేశాను. రెండ్రోజుల్లో 26 × 1.75 అని రాసున్న కొత్త టైరు వచ్చింది. ఆదివారం పొద్దున బాల్కనీలో కూర్చుని దాంతో గంటన్నర కుస్తీ పట్టాను. ఈ మూల దూరిస్తే ఆ మూల బయటికొస్తుంది. టైరు ఎక్కించే ప్లాస్టిక్ లివర్లు రెండు విరిగాయి, బొటనవేలి గోరు నల్లబడింది, టైరు మాత్రం ఒక్క వైపు కూడా పూర్తిగా ఎక్కలేదు.

చివరికి చక్రం భుజానేసుకుని బెంగళూరులో మారతహళ్లి మెయిన్ రోడ్డు పక్కనున్న పంక్చర్ షాపుకి వెళ్లాను. షాపాయనది మదనపల్లె, ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లు దాటిందట. చక్రాన్నీ కొత్త టైరునీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఏ ఇరవయ్యారు కావల్ల సార్ మీకు?"

"26 అంటే 26 కదన్నా?"

"అట్లనుకునే అందరూ మా దగ్గరకి వస్తారు" అని నవ్వి, పాత టైరు మీద తడిగుడ్డతో తుడిచి, వేలితో ఒక చిన్న అంకె చూపించాడు. 37-590. కొత్త దాని మీద 47-559. ఆ రోజు నుంచి పెద్ద అక్షరాల అంకెని నమ్మడం మానేశాను. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి సైకిల్ టైరు పోయినా ఇప్పుడు ముందు నాకే ఫోన్ వస్తుంది. చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పే బదులు ఇలా రాసి పెట్టుకుంటే మేలనిపించింది.

మొదటి పని: చిన్న అంకె వెతకండి

సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి, టైరు సైడు తడిగుడ్డతో తుడవండి. అక్షరాలు నల్ల రబ్బరు మీద నల్లగానే ఉబ్బెత్తుగా ఉంటాయి కాబట్టి మామూలుగా చూస్తే కనిపించవు. ఫోన్ టార్చ్ ఎదురుగా కాకుండా, టైరుకి ఆనించినట్టు పక్క నుంచి వేయండి. నీడ పడి అక్షరాలు లేస్తాయి. అప్పటికీ కనబడకపోతే పిల్లల సుద్దముక్కని అడ్డంగా పట్టుకుని రుద్దండి. ఉబ్బెత్తుగా ఉన్న చోటే సుద్ద అంటుకుని, స్లేటు మీద రాసినట్టు చదువుకోవచ్చు. ఒకచోట అరిగిపోయినా చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ పోతే ఇంకోచోట దొరుకుతుంది. రెండో సైడు కూడా చూడండి.

మీరు వెతకాల్సింది ముందు రెండంకెలు, మధ్యలో అడ్డగీత, తర్వాత మూడంకెలు ఉన్న సంఖ్య. 28-622, 47-559, 40-635 ఇలా. కొన్నిటి మీద దీని పక్కన ఇ.టి.ఆర్.టి.ఓ. అని కూడా ఉంటుంది. టైర్లు, రిమ్ముల కొలతల్ని ఒక దారికి తెచ్చిన యూరప్ సంస్థ పేరది. అంతర్జాతీయంగా ఐ.ఎస్.ఓ. 5775 ప్రమాణంలో ఉన్న పద్ధతి కూడా ఇదే.

అడ్డగీతకి ముందున్నది గాలి కొట్టాక టైరు ఎంత వెడల్పు ఉంటుందో చెబుతుంది. తర్వాతున్న మూడంకెలది అసలు కథ. టైరు రెండు అంచుల్లోనూ ఉక్కు తీగో, సాగని గట్టి నారో ఉంటుంది. రిమ్ము లోపల ఆ తీగ కూర్చునే చోటు ఉంది చూశారా, అక్కడ ఈ కొస నుంచి ఆ కొసకి వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో ఆ మూడంకెలు చెబుతాయి. రిమ్ముది 590 అయితే టైరుది 590 ఉండి తీరాలి. దగ్గర్లో ఉంది కదా అని సర్దుకునే వ్యవహారం కాదిది.

నేను కొన్న టైరుకి, మా చక్రానికి తేడా 31 మి.మీ. వినడానికి చిన్నదే. చుట్టుకొలతలో చూస్తే దాదాపు పది సెంటీమీటర్లు. సాగని తీగని పది సెంటీమీటర్లు సాగదీయాలని గంటన్నర కష్టపడ్డానన్నమాట. దీనికి ఉల్టా కేసు ఇంకా ప్రమాదం. చిన్న రిమ్ముకి పెద్ద టైరు తేలిగ్గా ఎక్కేస్తుంది. మనం సంతోషపడి గాలి కొడతాం. కొంత గాలి నిండగానే తీగ రిమ్ము దాటి బయటికొస్తుంది, ట్యూబు తుపాకీ పేలినట్టు పేలుతుంది. ఇంట్లోనే పేలితే అదృష్టం, మార్కెట్ ఫ్లైఓవర్ దిగుతుండగా పేలితే పరిస్థితి ఏంటో ఊహించుకోండి.

ఇన్ని 26లు ఎక్కడి నుంచి వచ్చాయి

ఇది తెలియకపోయినా టైరు కొనుక్కోవచ్చు. కానీ ఒకసారి అర్థమైతే ఆ అంకెల మీద కోపం పోతుంది, అందుకే కాస్త ఆగి చెబుతాను.

మొదట్లో అంగుళాల అంకె రిమ్ముది కాదు. గాలి కొట్టిన టైరు బయటి అంచు నుంచి బయటి అంచుకి ఉండే కొలత. 26 అంగుళాలంటే 660 మి.మీ. ఇప్పుడు బయటి కొలత మారకుండా టైరు సన్నగా కావాలంటే ఏం చెయ్యాలి? రిమ్ము పెద్దది చెయ్యాలి. లావుగా కావాలంటే రిమ్ము చిన్నది చెయ్యాలి. ఎవరికి కావలసిన టైరుకి తగ్గట్టు వాళ్లు రిమ్ములు చేసుకుంటూ పోయారు. మిల్లీమీటర్లలో లెక్క వేసి చూడండి, రిమ్ముకి రెండు వైపులా టైరు మందం కలపాలి:

26 × 1¼: 597 + 64 = 661
26 × 1⅜: 590 + 70 = 660
26 × 1½: 584 + 76 = 660
26 × 1¾: 571 + 89 = 660
26 × 2.125: 559 + 108 = 667

ఐదూ 26 అంగుళాలే, ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ ఐదు రిమ్ములు, ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. చివరిది అమెరికాలో 1933లో ష్విన్ కంపెనీ తెచ్చిన బెలూన్ టైర్ల సైజు. 1970లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు అలాంటి పాత లావు టైర్ల సైకిళ్లని కొండల మీది నుంచి దింపడం మొదలుపెట్టారు. మౌంటెన్ బైకులు, అంటే ఎంటీబీలు, అక్కడ పుట్టాయి, దాంతో 559 రిమ్ము ప్రపంచమంతా పాకింది. ఈ రోజు బేస్‌మెంట్‌లో కనబడే 26 అంగుళాల ఎంటీబీలన్నిటిదీ అదే.

తర్వాత ఇంకో తంటా వచ్చింది. రిమ్ములు అలాగే ఉండిపోయాయి, టైర్ల వెడల్పులు మాత్రం మారుతూ పోయాయి. 559 రిమ్ముకి 1.5 అంగుళాల సన్న టైరు వేస్తే బయటి కొలత 25 అంగుళాలే వస్తుంది. అయినా దాని పేరు 26. అంటే ఇప్పుడు ఆ 26 కొలత కాదు, ఇంటిపేరు.

చుక్క ఉందా, బై ఉందా

చిన్న అంకె ఎంతకీ దొరక్కపోతే అంగుళాల అంకెతోనే పని కానివ్వాలి. అప్పుడు చూడాల్సింది వెడల్పుని ఎలా రాశారన్నది. 1.75 అని చుక్క పెట్టి రాశారా, 1¾ అని బై పెట్టి రాశారా?

లెక్కల మాస్టారికి రెండూ ఒకటే. సైకిల్ షాపులో కాదు. 26 × 1.75 అంటే 559. 26 × 1¾ అంటే 571. సాధారణంగా చుక్క ఉంటే ఎంటీబీ, బి.ఎం.ఎక్స్., పిల్లల సైకిళ్ల కుటుంబం. బై ఉంటే పాత ఇంగ్లిష్ పద్ధతి సైకిళ్ల కుటుంబం. మన ఊళ్లలో రోడ్‌స్టర్లు (పాతకాలపు పెద్ద సైకిళ్లు), లేడీస్ సైకిళ్లు ఎక్కువ భాగం ఈ రెండో కుటుంబానివే.

ఆన్‌లైన్‌లో ఇక్కడే కొంప మునుగుతుంది. కీబోర్డులో 1⅜ కొట్టడం రాక కొందరు 1.375 అని రాస్తారు, కొందరు ఖాళీ వదలకుండా 26x13/8 అంటారు. మొదటిది చూస్తే ఎంటీబీ టైరనిపిస్తుంది, రెండోది చూస్తే పదమూడు బై ఎనిమిదనిపిస్తుంది. ఫొటోని పెద్దది చేసి టైరు మీదున్న మూడంకెలు చదవండి. ఫొటోలో కనబడకపోతే, అమ్మేవాళ్లు సమాధానం ఇవ్వకపోతే, కొనకండి. నాలుగైదు వందల టైరుకి రిటర్న్ పెట్టి, కొరియర్ అబ్బాయి కోసం రెండు రోజులు ఎదురుచూడటం కంటే షాపుకి నడవడం నయం.

పిల్లల సైకిళ్లకీ ఇదే సూత్రం. 16 × 1.75 అంటే 305, 16 × 1⅜ అంటే 349. 20 × 1.75 అంటే 406. 20 × 1⅜ అయితే చాలాసార్లు 451, పాత కొన్నిటికి 438. మడతపెట్టే సైకిళ్లలో 406, 451 రెండూ తిరుగుతుంటాయి కాబట్టి వాటి దగ్గర ఇంకా జాగ్రత్త. 24 × 1.95 లాంటివి 507, 24 × 1⅜ అయితే 540. ఈ 540 చాలా వీల్‌చైర్ల వెనక చక్రాలకి కూడా ఉంటుంది. మూడో అంతస్తులో మామ్మగారి వీల్‌చైర్ టైరు పోయినప్పుడు, మెడికల్ షాపులో దొరకనిది సైకిల్ షాపులో దొరికింది.

27.5 కంటే 27 పెద్దది

అచ్చు తప్పు కాదు, నిజంగానే. పాత రేసింగ్ సైకిళ్ల 27 × 1¼ టైరు రిమ్ము 630. ఈ కాలపు ఎంటీబీ 27.5 రిమ్ము 584. అర అంగుళం పెరగాల్సింది పోయి, చక్రం 46 మి.మీ. తగ్గింది. 27.5 అన్నది అమ్మకాల కోసం పెట్టిన పేరు. 26కీ 29కీ మధ్యలో ఉంది కాబట్టి అలా పిలిచారు. అసలు రిమ్ము మాత్రం పాత ఫ్రెంచి 650 బి. పైన 26 × 1½ పక్కన 584 అని రాశాను చూడండి, అదీ ఇదీ ఒకటే రిమ్ము.

ఫ్రెంచివాళ్ల లెక్క కూడా బయటి కొలతదే, కాకపోతే మిల్లీమీటర్లలో. 700 అంటే బయటికి సుమారు 700 మి.మీ., చివర అక్షరం టైరు లావు చెప్పేది. ఏ సన్నం, సి లావు. 700 సి రిమ్ము 622. దానికి 39 మి.మీ. టైరు వేస్తే 622కి 78 కలిపి సరిగ్గా 700. ఇవాళ అదే రిమ్ముకి 25 మి.మీ. టైరు వేసుకుని నంది హిల్స్ ఎక్కుతున్నారు. బయటి కొలత 672. 700 ఎక్కడా లేదు, సి అంటే లావు టైరన్న అర్థమూ పోయింది. పేరు మాత్రం మిగిలింది.

ఇక 29. ఎంటీబీ వాళ్లు ఇదే 622 రిమ్ముకి రెండంగుళాల పైన లావున్న టైరు వేసి, బయటి కొలత 29 అంగుళాల దాకా పోయింది కాబట్టి ఆ పేరు పెట్టారు. 700 సి, 29 రెండూ ఒకటే రిమ్ము అన్నమాట. యూరప్‌లో హైబ్రిడ్ సైకిళ్ల మీద 28 × 1⅝ × 1⅜ అని మూడు ముక్కలుగా రాసి ఉంటే అది కూడా 622నే.

ఇది తెలిస్తే డబ్బు మిగులుతుంది. మా బ్లాక్‌లో ఒకతను తురహళ్లి అడవిలో తిరుగుదామని గళ్లగళ్ల టైర్లున్న 29 ఎంటీబీ కొన్నాడు. మూడు నెలల్లో ఒక్కసారి వెళ్లాడు, మిగతా రోజులన్నీ అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసుకే. తారు మీద ఆ గళ్ల టైర్లు గుర్రుమని మోత, తొక్కలేక ఆయాసం. ఇంకో సైకిల్ కొంటానన్నాడు. 700 × 40 నున్నటి టైర్లు రెండు వేయించమన్నాను. రిమ్ము అదే, ఫ్రేమూ అదే. ఇప్పుడు హాయిగా తిరుగుతున్నాడు. సైక్లో కంప్యూటర్ ఉంటే అందులో చక్రం చుట్టుకొలత కొత్తగా పెట్టుకోవాలి, లేకపోతే తొక్కని కిలోమీటర్లు కూడా చూపిస్తుంది.

నాన్నగారి సైకిల్

ఇది మన సొంత గందరగోళం. ఏ ఫారిన్ చార్టులోనూ ఉండదు.

కింది ఫ్లాటు కుర్రాడు వాళ్ల నాన్న వాడిన రాడ్ బ్రేకుల సైకిల్‌ని ఒంగోలు దగ్గర వాళ్ల ఊరి నుంచి లారీలో వేయించుకున్నాడు. రంగు వేయించి కబ్బన్ పార్కులో తొక్కాలని కోరిక. టైర్ల కోసం నాన్నకి ఫోన్ చేస్తే "అది ఇరవై నాలుగు సైజు సైకిల్రా" అన్నారట. ఇతను 24 అంగుళాల టైర్లు తెప్పించాడు. చక్రం పక్కన పెడితే తల్లి పక్కన పిల్లలా ఉంది. నా ముందే స్పీకర్ పెట్టి మళ్లీ ఫోన్ చేశాడు.

"నాన్నా, నువ్వు చెప్పిన సైజే తెప్పించా, పట్టడం లేదు."

"ఒరేయ్, 24 అంటే బండి ఎత్తురా! చక్రం కాదు. చక్రం ఎప్పుడూ 28యే."

పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. మన రోడ్‌స్టర్లని 22 సైజు, 24 సైజు అని పిలిచేది ఫ్రేము ఎత్తుని బట్టి. చక్రం మాత్రం 28 × 1½, రిమ్ము 635. ఇది 700 సి కాదు. 622కీ 635కీ 13 మి.మీ. తేడా. 28 అన్న మాట విని షోరూము కుర్రాడు 700 సి టైరు చేతిలో పెడితే తీసుకోకండి. అసలు మెరిసే షోరూముల్లో 635 దొరకడమే అరుదు. పేపర్లు, పాలు వేసేవాళ్ల సైకిళ్లు బాగుచేసే షాపుల్లో అడగండి. సిటీ మార్కెట్ వైపు వెళ్తే నిమిషంలో తీసిస్తారు, ధర కూడా షోరూము టైర్లలో సగం ఉండదు.

కొత్త సైకిళ్ల స్టిక్కర్ల మీద 26టి, 27.5టి, 29టి అని ఉంటుంది. ఆ టి చూసి కంగారు పడొద్దు, అంగుళాలే. 26టి అన్నంత మాత్రాన అది 559 అని మాత్రం అనుకోవద్దు, లేడీస్ సైకిల్ అయితే 590 కూడా కావచ్చు. నా బొటనవేలే సాక్షి.

అంకెలేవీ మిగలకపోతే: టేపుతో కొలవండి

ఎండకి పగిలి టైరు ముక్కలైపోయింది, లేదా చక్రం ఒక్కటే పాత సామాన్లలో దొరికింది. అప్పుడు ముందు రిమ్ము లోపల, పుల్లల మధ్య ఏమైనా స్టిక్కరో ముద్రో ఉందేమో చూడండి. 622×19సి లాంటిది కనబడవచ్చు. ఇక్కడ వరస తిరగబడుతుంది, వ్యాసం ముందు, వెడల్పు తర్వాత. ఆ వెడల్పు రిమ్ము లోపలి గోడల మధ్యది. చివరి సి రిమ్ము అంచు కొక్కెంలా వంగి ఉందని చెప్పేది, 700 సి లోని సి కాదు. ఒకే అక్షరాన్ని ఇన్ని పనులకి వాడాలా అంటే ఏం చెప్పను!

అదీ లేకపోతే టైలరు టేపు తీసుకోండి. చాలామంది రిమ్ము మీద అడ్డంగా టేపు పెట్టి వ్యాసం కొలుస్తారు. మధ్యలో హబ్ అడ్డం వస్తుంది, టేపు పక్కకి జరుగుతుంది, ఐదారు మిల్లీమీటర్లు ఇట్టే తప్పుతాయి. అందుకే టైరూ ట్యూబూ తీసేసి, రిమ్ము బయటి అంచు చుట్టూ టేపు బిగించి చుట్టుకొలత తీయండి. 3.14తో భాగించండి. రిమ్ము అంచు గోడలు తీగ కూర్చునే చోటు కంటే ఒక్కో వైపు ఆరు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంటాయి కాబట్టి 12 తీసేయండి. వచ్చిన అంకెకి దగ్గర్లో ఉన్న సైజే మీది.

మా ఆవిడ చక్రానికి కొలిస్తే 1,890 మి.మీ. వచ్చింది. 3.14తో భాగిస్తే 602, అందులో 12 పోతే 590. చుట్టుకొలతలో మూడు మిల్లీమీటర్లు తప్పినా వ్యాసంలో ఒక్కటే తప్పుతుంది, అందుకే ఈ పద్ధతి నమ్మొచ్చు. అంచనాకి: బయటి చుట్టుకొలత 1,795 దగ్గర ఉంటే 559, 1,870 దగ్గర ఉంటే 584, 1,990 దగ్గర ఉంటే 622, 2,030 దాటితే 635. 2,017 చుట్టుపక్కల వస్తే అది 630 కావచ్చు, రెండోసారి కొలవండి. రిమ్ము గోడలు కాస్త ఎత్తుగానో పొట్టిగానో ఉండొచ్చు కాబట్టి 584కీ 590కీ మధ్య అనుమానం వస్తే చక్రమే షాపుకి పట్టుకెళ్లడం ఉత్తమం.

వెడల్పులో కొంచెం స్వేచ్ఛ ఉంది

మూడంకెల దగ్గర రాజీ లేదు గానీ ముందున్న రెండంకెల దగ్గర ఉంది. 37-590 పోతే 40-590 వేసుకోవచ్చు. ఎంత దాకా పోవచ్చన్నది మూడు చోట్ల తేలుతుంది.

ఒకటి రిమ్ము. లోపలి వెడల్పు 19 మి.మీ. ఉంటే 28 నుంచి 50 దాకా టైర్లు నిశ్చింతగా కూర్చుంటాయి. మరీ సన్న రిమ్ముకి మరీ లావు టైరు వేస్తే మలుపుల్లో టైరు పక్కకి ఊగుతుంది. లావు రిమ్ముకి సన్న టైరు వేస్తే గుంటలో పడినప్పుడు రిమ్ముకి దెబ్బ. అదే టైరు వెడల్పు రిమ్ము మీద ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ తూగుతుంది, కాబట్టి టైరు మీద 40 అని ఉండి కొలిస్తే 42 వచ్చిందని అమ్మినవాడి మీదికి పోకండి.

రెండోది ఫ్రేము. వెనక చక్రం దగ్గర చెయిన్ పక్కన ఫ్రేము గొట్టాలకీ, ముందు ఫోర్కుకీ టైరుకీ మధ్య మీ చిటికెన వేలి మందంలో సగమైనా, అంటే నాలుగైదు మిల్లీమీటర్లయినా, ఖాళీ ఉండాలి. బెంగళూరు వానకి మట్టి అంటుకుని, చక్రం కాస్త వంకర తిరిగితే ఆ ఖాళీ క్షణంలో పోతుంది. మూడోది మడ్‌గార్డు, బ్రేకు. రిమ్ముని పట్టే బ్రేకుల్లో లావు టైరు గాలితో ఉంటే చక్రం బయటికే రాదు. గాలి తీసి చక్రం పెట్టి, మళ్లీ గాలి కొట్టుకోవాలి. డిస్కు బ్రేకులకి ఈ బాధ లేదు.

నన్నడిగితే, మన రోడ్లకి సైకిల్‌లో పట్టే టైర్లలో లావుదే వేయించుకోండి. సన్న టైరు వేగమన్న మాట నున్నటి రోడ్డు దొరికినప్పుడు మాట్లాడుకుందాం. వర్తూరు వైపు సర్వీసు రోడ్డులో 23 మి.మీ. టైరుతో వెళ్తే వేగం సంగతి అటుంచి, వెన్నుపూస లెక్కపెట్టుకోవాలి.

మిగతా రాతలు

బాణం గుర్తు చక్రం తిరిగే దిశ. వెనక్కి వేసినా కొంప మునగదు గానీ సరిగా వేయడానికి ఖర్చేం లేదు కదా. పి.ఎస్.ఐ., బార్, కె.పి.ఎ. మూడూ గాలి ఒత్తిడి కొలతలే. 1 బార్ అంటే 14.5 పి.ఎస్.ఐ., 100 కె.పి.ఎ. గరిష్ఠం 65 అని ఉంటే అంతకంటే ఎక్కించొద్దని అర్థం, అంత ఎక్కించమని కాదు. నా బరువు 72 కిలోలు, 29 × 2.1 టైర్లలో 35 దగ్గర ఆపేస్తాను. పెట్రోల్ బంకులో గాలి కుర్రాడికి ఈ తేడా తెలియదు, స్కూటర్‌కి కొట్టినట్టు కొట్టేస్తాడు. పక్కన నిలబడి చూడండి. మరీ తక్కువ కొట్టినా తంటానే. గుంటలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగి, పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి.

ట్యూబ్‌లెస్ రెడీ (ట్యూబు లేకుండా కూడా నడిచే రకం) అని ఉంటే ట్యూబుతోనూ వాడొచ్చు. మీ రిమ్ము కొక్కెం లేని రకమైతే మాత్రం దానికి పనికొస్తుందని రాసి ఉన్న టైరే వేయాలి, గాలి 5 బార్ దాటకూడదు.

ట్యూబు, వాల్వు

ట్యూబు రబ్బరు సాగుతుంది కాబట్టి ఇక్కడ లెక్క వదులుగా ఉంటుంది. డబ్బా మీద 26 × 1.75 – 2.125 అని ఒక పరిధి రాసి ఉంటుంది, మీ టైరు అందులో ఉంటే చాలు. 700 సి ట్యూబు వెడల్పు కలిస్తే 29కీ, 27కీ కూడా పనిచేస్తుంది. అర్ధరాత్రి నంది హిల్స్ దారిలో పంక్చరై 27.5 ట్యూబు ఒక్కటే దొరికితే 29లో దూర్చి ఇంటికి చేరొచ్చు. మర్నాడు మార్చేయండి.

వాల్వు మాత్రం చూసి కొనాలి. మన పాత సైకిళ్లకి వాల్‌ట్యూబ్ వేసే రకం, గేర్ సైకిళ్లకి ఎక్కువగా స్కూటర్‌కి ఉన్నలాంటి లావు వాల్వు, రోడ్ బైకులకి సన్నటి ప్రెస్టా. సన్న వాల్వుకి రిమ్ములో చిల్లు 6.5 మి.మీ., లావుదానికి 8.5. సన్న చిల్లులో లావు వాల్వు దూరదు. దూరడం లేదని డ్రిల్లుతో పెద్దది చేసే మహానుభావుల్ని చూశాను, సన్న రిమ్ముకి ఆ పని చేయకండి. ప్రెస్టాకి పంక్చర్ షాపు పంపు పట్టదు, పది ఇరవై రూపాయల ఇత్తడి అడాప్టర్ ఒకటి సీటు కింద సంచిలో పడేసుకోండి.

షాపులో ఏమని అడగాలి

"26 టైరు కావాలి" అనకండి. "37-590 కావాలి, అంటే 26, వన్ త్రీ బై ఎయిట్" అనండి. మిల్లీమీటర్ల అంకె పట్టించుకోని షాపాయనకి రెండోది అర్థమవుతుంది, రెండూ చెబితే తప్పు పోదు. ఇచ్చిన టైరు మీద మూడంకెలు మీరే చదివి డబ్బులివ్వండి. వీలైతే పాత టైరు పట్టుకెళ్లి తీగకి తీగ ఆనించి చూసుకోండి. రెండూ ఒకే గుండ్రంగా కలిస్తే సరి, ఒకటి ఇంకోదాని లోపల దూరితే వద్దు.

మా ఇంట్లో సైకిళ్ల అంకెలు ఇప్పుడు మడ్‌గార్డు లోపలి వైపు తెల్ల పెయింట్ మార్కర్‌తో రాసి పెట్టాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆ 26 × 1.75 టైరు రిటర్న్ గడువు దాటి, నాలుగు నెలలు బాల్కనీలో మేకుకి వేలాడింది. పోయిన వారం మా వాచ్‌మన్ వెనక టైరు పోయిందంటూ తన పాత ఎంటీబీని తోసుకొచ్చాడు. సుద్దముక్క రుద్ది చూస్తే 50-559. వెడల్పులో మూడు మిల్లీమీటర్లే తేడా. ఈసారి లివర్లు అక్కర్లేకుండా చేత్తోనే ఎక్కింది.